కత్తి ఒకటి చాలు, సానరాయి తప్పనిసరి

పెళ్లి కానుకగానో పండగ తగ్గింపు ధరకో ఇంటికి చేరే కత్తుల సెట్టులో ఆరేడు కత్తులు, ఒక కత్తెర, వాటిని గుచ్చిపెట్టే చెక్క దిమ్మ ఉంటాయి. ఏడాది తిరిగేసరికి వాటిలో ఒకటో రెండో వాడకంలో మిగులుతాయి. అవి కూడా టమాటాను కోసే బదులు నలిపేస్తుంటాయి. కంపెనీ మంచిది కాదనుకుని ఈసారి ఇంకాస్త ఖరీదైన సెట్టు కొంటారు. కొన్నాళ్లకు దానిదీ అదే దారి. లోపం చాలాసార్లు కత్తిలో లేదు. వంటింటి కత్తి ఎలా పనిచేస్తుందన్నది దాని మీద ముద్రించిన పేరు కన్నా దాని వాదరను మనం ఎలా చూసుకుంటామన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సింది కత్తుల లెక్క మీద కాదు. ఓ మాదిరి మంచి కత్తి ఒకటి, దానికో సానరాయి, కింద వేసుకోవడానికో చెక్క పలక. రోజూ తరిగే బెండకాయలకైనా, ఆదివారం పెరట్లో బొగ్గుల మీద కాల్చే మాంసానికైనా నా లెక్క ఇదే.

కోయడమంటే అతి చిన్న చోటు మీద ఎక్కువ ఒత్తిడి పెట్టడం. మనిషి వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. చక్కగా సానబట్టిన వాదర కొస ఒక మైక్రాను అటూ ఇటూగా ఉంటుంది. చేతి బలమంతా ఆ సన్నని గీత మీద పడుతుంది కనుకే టమాటా తొక్క ఇట్టే తెగుతుంది. కొస అరిగి గుండ్రబడితే ఆ బలం పరుచుకుపోయి, తొక్క తెగకుండా లోపలికి కుంగుతుంది. అప్పుడు మనం ఇంకా గట్టిగా నొక్కుతాం. ఇంట్లో పిల్లలున్నారు, మొద్దు కత్తే క్షేమం అనేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. వాళ్ల భయం ఉత్తది కాదు. పదునైన వాదర వేలికి తగిలితే లోతుగా తెగే మాట నిజమే. కానీ కత్తి వేలి మీదికి వచ్చేది ఎప్పుడు? బలమంతా పెట్టి నొక్కుతున్నప్పుడు అది గుండ్రటి ఉల్లిపాయ మీద నుంచి జారినప్పుడు. పదునైన కత్తికి అంత బలం అక్కర్లేదు, పెట్టిన చోటే దిగుతుంది. పిల్లలకు అందకుండా దాచడం వేరే జాగ్రత్త, అది ఏ కత్తికైనా తప్పదు. ఉల్లిపాయ మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఉల్లిపాయ తెగే క్షణాన్ని అతివేగ కెమెరాలతో చిత్రించి, ఫలితాలను 2025లో వెల్లడించారు. మొద్దు కత్తి కింద ఉల్లి పొర వంగి, లోపల ఒత్తిడి పేరుకుని, పగిలేటప్పుడు రసపు తుంపర్లు ఎక్కువగా, ఎక్కువ వేగంతో చిమ్ముతున్నాయని తేల్చారు. కళ్లు మండడానికి ఆ తుంపర్లు ఒక కారణం. వంట చేసేవాళ్లు రోజూ కార్చే కన్నీళ్లలో కొంత భాగం సానరాయితో తప్పించగలిగినదే.

అంత గట్టి ఉక్కు ఇంత మెత్తటి కూరగాయలకు ఎందుకు లొంగుతుంది? అమెరికాలోనే ఎంఐటీ పరిశోధకులు గడ్డం గీసే బ్లేడు మీద ఈ ప్రశ్నను పరీక్షించి 2020లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. బ్లేడు ఉక్కుతో పోలిస్తే వెంట్రుక దాదాపు 50 రెట్లు మెత్తన. అయినా బ్లేడు అంచు నుంచి కంటికి కనిపించనంత చిన్న పెళ్లలు ఊడిపోవడం వాళ్లు సూక్ష్మదర్శినిలో చూశారు. వెంట్రుక వంగి పక్కవాటుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి అల్లిక ఒకేరకంగా లేని చోట ఆ పగులు మొదలవుతోంది. వెంట్రుకకే ఇలా అయితే, గ్రానైటు గట్టు మీద నేరుగా కోసి, గిన్నెలతో కలిపి సింకులో పడేసి, ఇనుప పీచుతో తోమే వంటింటి కత్తి గతి వేరే చెప్పాలా? గాజు పలక, రాతి గట్టు, స్టీలు పళ్లెం వాదరకు శత్రువులు. చెక్క గానీ మెత్తటి ప్లాస్టిక్కు పలక గానీ వాదరను కొంత తనలోకి దిగనిస్తుంది కాబట్టి దాన్ని కాపాడుతుంది. మాంసం దుకాణంలో కింద చింతమొద్దు వేసుకుని కొట్టడం చూస్తూనే ఉంటాం. వాళ్ల కత్తులు అంత పని చేసి నిలవడానికి ఆ మొద్దు కూడా ఒక కారణం. డిష్‌వాషర్ వాడే ఇళ్లలో మంచి కత్తిని మాత్రం చేత్తో కడిగి తుడిచిపెట్టుకోవాలి.

ఏ కత్తయినా మొద్దుబారక తప్పనప్పుడు, ఎలాంటి ఉక్కు కొనాలి? ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ సి అనే కొలమానంలో చెబుతారు. జర్మనీలోని సోలింగెన్ పట్టణపు కత్తుల్లో ఎక్కువగా వాడే ఉక్కులో కార్బన్ సుమారు 0.5 శాతం, క్రోమియం సుమారు 15 శాతం. గట్టిదనం 55 నుంచి 58 దాకా. జపాన్ కత్తుల్లో పేరున్న వీజీ-10 ఉక్కులో కార్బన్ ఒక శాతం దాకా ఉంటుంది. గట్టిదనం 60 దాటుతుంది. అందుకే జపాన్ కత్తి వాదరను ఇంకా సన్నని కోణంలో, ఒక్కో వైపు 15 డిగ్రీల దాకా తీర్చగలుగుతారు. జర్మన్ పద్ధతిలో అది 20 దగ్గర ఉంటూ వచ్చింది. ఎక్కువ గట్టిదే కొంటే పదును ఎక్కువ కాలం నిలుస్తుంది కదా అంటే, నిలుస్తుంది. ఆ గట్టిదనానికి చెల్లించాల్సింది పెళుసుదనం. కొబ్బరి చిప్ప మీదో, గడ్డకట్టిన మాంసం మీదో, గుమ్మడికాయలో దింపి మెలి తిప్పినప్పుడో మెత్తటి ఉక్కు వంగుతుంది, గట్టి ఉక్కు పెచ్చు ఊడుతుంది. వంగినదాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. పెచ్చు ఊడితే గంటల తరబడి రాయి మీద అరగదీయాలి. ఒకే కత్తితో ఇంటిల్లిపాదీ అన్ని పనులూ చేసే మన వంటిళ్లకు 56 నుంచి 58 మధ్య గట్టిదనమే సరైనదని నా అభిప్రాయం. అది త్వరగా మొద్దుబారుతుంది, కానీ అంత త్వరగానూ పదునెక్కుతుంది.

తుప్పు పట్టని ఉక్కు వంటింటికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ దాన్ని పోతపోసింది 1913లో. క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే ఉక్కు పైన పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. అది లేని కార్బన్ ఉక్కు కత్తులకు ఇప్పటికీ వీరాభిమానులున్నారు, కారణం లేకపోలేదు. అవి సానకు సులువుగా లొంగుతాయి, పదును గొప్పగా ఉంటుంది. కానీ నిమ్మకాయ, మామిడికాయ, చింతపండు లేని రోజు ఉండని వంటింట్లో ఆ కత్తి నల్లబడుతుంది, కోసిన పులుపు ముక్కకు ఇనుము వాసన అంటుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తీరపు ఊళ్ల ఉప్పు గాలిలో తడి ఆరకపోతే తెల్లారేసరికి తుప్పు మచ్చలు లేస్తాయి. ప్రతి వాడకం తర్వాతా తుడిచి నూనె రాసే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లాలి.

ఈమధ్య నీటి అలల్లాంటి గీతలతో, డమాస్కస్ అన్న పేరుతో కత్తులు బాగా అమ్ముతున్నారు. తెలుగువాళ్లు ఆ పేరు వినగానే ఆగి చూడాల్సిన కారణం ఒకటుంది. పశ్చిమాసియాలో గీతల కత్తులుగా పేరుపొందిన ఆయుధాలకు ముడిసరుకుగా దక్షిణ భారతం నుంచి మూసల్లో కరిగించిన ఉక్కు దిమ్మలు వెళ్లేవి. అవి తయారైన చోట్లలో ఇప్పటి నిజామాబాద్ జిల్లా ప్రాంతపు కోనసముద్రం ఒకటి. అక్కడి తయారీ విధానాన్ని, కొనడానికి పర్షియా నుంచి వర్తకులు రావడాన్ని హెన్రీ వోయ్‌సీ గమనించి రాసిన వివరం 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కులో కార్బన్ చాలా ఎక్కువ. నెమ్మదిగా చల్లారేటప్పుడు లోపల ఏర్పడిన కార్బైడ్ కణాల వరుసలే, కొలిమిలో సాగగొట్టాక పైకి గీతలుగా తేలేవి. నేటి వంటింటి కత్తి మీది గీతలు ఆ రకం కాదు. రెండు రకాల ఉక్కు రేకులను పొరలు పొరలుగా అతికించి, ఆమ్లంలో ముంచితే తేలే గీతలవి. వాటి మధ్యన ఉన్న ఒకే ఒక పొర వాదర అవుతుంది, కోసేది అదే. చవక రకాల్లో ఆ మాత్రం పొరలు కూడా లేకుండా, మామూలు ఉక్కు మీద లేజరుతో బొమ్మ గీసి అమ్ముతున్నారు. అందం కోసం కొనదలిస్తే కొనవచ్చు, తప్పులేదు. కానీ గీతలున్నంత మాత్రాన ఒక్క ఉల్లిపాయ కూడా తేలిగ్గా తెగదు. మధ్యనున్న ఉక్కు ఏమిటో చెప్పలేని దుకాణంలో ఆ ధర పెట్టడం దండగ.

ఆకారానికొస్తే, ఎనిమిది అంగుళాల అలగు, మొన వైపు కాస్త వంపు ఉన్న షెఫ్ కత్తి ఇంట్లో దాదాపు అన్నిటికీ సరిపోతుంది. చిన్న చేతులవాళ్లకు ఏడంగుళాలు హాయి. దుకాణంలో ముందు పిడి పట్టుకుని చూడాలి: బొటనవేలు, చూపుడువేలు అలగును రెండు వైపులా పట్టుకున్నప్పుడు బరువు చేతిలో నిలవాలి, పిడికీ ఉక్కుకీ మధ్య సందు ఉండకూడదు, ఉంటే అక్కడ తడీ మురికీ చేరతాయి. తొక్క తీయడానికి మూడు నాలుగు అంగుళాల చాకు ఒకటి. ఇంతేనా, మన కత్తిపీట మాటేమిటి అని అడగడం న్యాయమే. కత్తిపీటలో అలగు కదలదు, రెండు చేతులూ కూరగాయ మీదే ఉంటాయి. ముక్కను వంపు అలగు వెంట జరుపుతూ కోస్తాం. నొక్కుడుకు జరుపుడు తోడైతే తక్కువ బలంతో తెగుతుంది కాబట్టి చేపను, పెద్ద కందదుంపను, పనసకాయను కోయడంలో దానికి సాటి తక్కువ. నేల మీద కూర్చుని చేసే వంటకు తగిన పనిముట్టు అది. వంట నిలబడి చేసే గట్టు మీదికి మారాక దాని చోటు తగ్గింది. కత్తిపీట ఉన్న ఇంట్లో కూడా దాని అలగుకు సాన పట్టించకపోతే ఇదంతా వృథాయే.

సాన దగ్గరే చాలామంది వెనక్కి తగ్గుతారు. వీధిలో సైకిలు చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్లుంటే పని తేలిక. మొద్దుబారి చాలాకాలమైన కత్తికి, కత్తిపీటకు వాళ్ల చేయి మంచిదే. కరెంటు చక్రం మీద అదేపనిగా అదిమి పట్టి పట్టేవాళ్లతో మాత్రం జాగ్రత్త. వాదర వేడెక్కి నీలంగా మారిందంటే అక్కడి ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఆ మేరకు అరగదీస్తే తప్ప పదును నిలవదు. ఇంట్లో అయితే 1000 నంబరు సానరాయి ఒక్కటి చాలు. రాయిని నీళ్లలో తడిపి, కింద తడిగుడ్డ వేసి, కత్తి వీపును రాయి నుంచి కొద్దిగా లేపి, ఆ కోణం మారకుండా పట్టుకుని ముందుకూ వెనక్కీ జరపాలి. అవతలి వైపు అంచున వేలికి సన్నటి గరుకు తగిలితే ఈ వైపు పని అయినట్టు. కత్తి తిప్పి రెండో వైపు పట్టాలి. మొదట్లో కోణం తప్పుతుంది. తప్పినా కత్తి పాడైపోదు, పదును ఆలస్యమవుతుంది, అంతే. పావుగంట, నెలకో రెండు నెలలకో ఒకసారి. సెట్టుతో వచ్చే ఇనుప కడ్డీ సానరాయికి బదులు కాదు. అది వంగిన అంచును నిటారు చేస్తుంది గానీ అరిగిన అంచును తిరిగి తీర్చదు. జపాన్ రకపు గట్టి అలగును ఆ కడ్డీ మీద బాదినట్టు రుద్దితే పెచ్చులు ఊడతాయి కూడా.

పెరట్లో బార్బెక్యూ పెట్టుకునేవాళ్లకు మార్కెట్టు ఇంకో సెట్టు సిద్ధంగా ఉంచింది. అందులో ఎంత అవసరమో మాంసం మీద చేసే పనులను బట్టి చూడాలి. మొదటిది ఎముక కొట్టడం. మన ఊళ్లలో ఆ పని దుకాణంలోనే అయిపోతుంది. ముక్కలు కొట్టించుకునే తెస్తాం. కాబట్టి ఇంట్లో బరువైన కొట్టుడు కత్తి అక్కర్లేదు, మన కత్తి సన్నగా ఉండవచ్చు. రెండోది మసాలా పట్టడానికి కోడి కాళ్లకు, చేపకు గాట్లు పెట్టడం. చిన్న చాకు చాలు. ఆ చాకూ, ఆ పలకా సబ్బుతో కడగనిదే కాల్చిన మాంసానికి తాకకూడదు. పచ్చి కోడిలోని సూక్ష్మజీవులు నిప్పు మీద చచ్చినా, కత్తి మీదివి చావవు. మూడోది కాల్చాక కోయడం, రుచి తేడా తెలిసేది ఇక్కడే. మాంసమంటే పొడవాటి నారల కట్ట. నారకు అడ్డంగా కోస్తే ప్రతి ముక్కలో నార పొట్టిగా తెగి నోట్లో విడిపోతుంది; వెంట కోస్తే ఎంత బాగా కాల్చినా సాగుతుంది. దించిన వెంటనే కోయకుండా కొన్ని నిమిషాలు ఆగితే రసం పలక మీదికి కారిపోవడం తగ్గుతుంది. మొద్దు కత్తితో రంపంలా కోస్తే కాలిన పైపొర పెళ్లలుగా రాలిపోతుంది. కొన్ని గంటలు శ్రమపడి తెచ్చుకున్న ఆ పొర పోవడం కన్నా బాధ ఏముంటుంది? టెక్సస్‌లో గంటల తరబడి పొగ మీద వండే పెద్ద మాంసపు దిమ్మలను పలుచని బిళ్లలుగా కోయడానికి పన్నెండు అంగుళాల పొడవు, మొన గుండ్రటి కత్తి వాడతారు. రంపంలా ఆడించకుండా ఒకే లాగుడులో కోత పూర్తికావడానికే ఆ పొడవు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడి తరచూ పెద్ద కాలును గానీ టర్కీ కోడిని గానీ మొత్తంగా కాల్చే తెలుగు ఇంటికి అలాంటిది ఒకటి కొనడం సబబే. చికెన్ టిక్కా, మటన్ చాపులు, చేప ముక్కలతో సరిపెట్టుకునే ఇంట్లో ఎనిమిదంగుళాల కత్తే, ముందురోజు రాత్రి రాయి మీద పావుగంట పట్టినదైతే, ఆ పని చేసిపెడుతుంది.