పొయ్యి అక్కరలేని చిమ్మిలి

సాయంత్రం బడి వదిలారు. పిల్ల ఇంటికొచ్చి పుస్తకాల సంచి గోడవార పడేసింది. కడుపు కాలుతోంది. అమ్మ ఇంకా కూలి నుంచి రాలేదు. పొయ్యి చల్లగా ఉంది. చేతిలో ఐదు రూపాయలుంటే దుకాణానికి పరుగే. అక్కడ కొనే చిప్సు పొట్లంలో సగం గాలి, మిగతాది ఉప్పూ నూనే.

అదే డబ్బాలో నాలుగు చిమ్మిలి ఉండలుంటే?

చిమ్మిలి మనకు కొత్తది కాదు. నాగుల చవితికి పుట్ట దగ్గర పెడతారు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే తినిపిస్తారు. కాని ఆ నాలుగు రోజులూ పెట్టి మానేస్తారు. అక్కడే పొరపాటు. నెలనెలా రక్తం పోవడం ఆ పిల్లకు అప్పుడే కదా మొదలు! 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉందని అందులో తేలింది.

రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. నువ్వుల్లో ఇనుము ఉంది. ఎముకలకు కావలసిన సున్నం కూడా ఉంది. బెల్లం, ఖర్జూరం కొంత ఇనుమునూ, పని చేసే శక్తినీ ఇస్తాయి. పల్లీల్లో మాంసకృత్తులు ఎక్కువ. 100 గ్రాముల పల్లీల్లో సుమారు 25 గ్రాములు ఉంటాయి. అనంతపురం జిల్లాలో వేరుశనగ బాగా పండుతుంది. అమ్మే ముందు గుప్పెడు గుళ్ళు ఉంచుకుంటే కొనే పనే లేదు. జీడిపప్పు, బాదంపప్పు లేవని బాధ పడక్కరలేదు.

ఇక చేసే విధానం. ఒక గ్లాసు నువ్వులు తీసుకోండి. నీళ్ళలో వేసి బాగా గాలించండి. ఇసుక ఉంటే పంటి కింద పడి ఉండంతా పాడవుతుంది. తర్వాత ఎండలో బాగా ఆరబెట్టండి. తడి ఉండకూడదు. రోట్లో వేసి దంచండి. కాసేపటికి నూనె ఊరుతుంది. అప్పుడు ముప్పావు గ్లాసు బెల్లం తురుము వేయండి. గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు ఐదారు, గుప్పెడు వేయించిన పల్లీలు, కాస్త ఎండుకొబ్బరి వేసి మళ్ళీ దంచండి. వేయించిన పల్లీలు దుకాణంలో దొరుకుతాయి. మిక్సీ అయితే తొందరగా అవుతుంది గాని రోటి రుచి రాదు. నెయ్యి, నీళ్ళు కలపొద్దు. నువ్వుల నూనెతోనే ముద్దవుతుంది. నిమ్మకాయంత ఉండలు కట్టి పొడి డబ్బాలో పెట్టండి. వారం రోజులు ఉంటాయి.

బూజు పట్టిన పల్లీ, చేదెక్కిన పల్లీ ఒక్కటి కూడా వేయొద్దు. ఆ బూజులోని విషం కాలేయాన్ని చెడగొడుతుంది. వేయించినా పూర్తిగా పోదు. ఐదేళ్ళలోపు పిల్లలకు పలుకులు లేకుండా మెత్తగా దంచి పెట్టండి. పలుకు గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు బెల్లమైనా, ఖర్జూరమైనా తీపి తీపే.

ఉండ తిన్న వెంటనే టీ తాగొద్దు. టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. జామకాయో, ఉసిరికాయో తింటే బాగా పడుతుంది. చిమ్మిలి తింటున్నాం కదా అని బడిలో వారానికోసారి ఇచ్చే ఇనుము మాత్ర మానకూడదు. మాత్ర పని మాత్రదే.

ఉండలు కట్టగానే ఆడపిల్లకూ, తల్లికీ కొన్ని తీసి వేరే డబ్బాలో పెట్టండి. లేకపోతే రెండో రోజుకే మగపిల్లలు అన్నీ ఖాళీ చేస్తారు.