ఎక్కడ పట్టేస్తోంది?

"ఇంకో చుట్టు బిగించనా అంకుల్?" అని అడిగే పిల్లలను ముందు ఆలెన్ కీ కింద పెట్టమంటాను. కొత్త గ్రిప్ పిస్టల్ మీద ఊగుతుంటే బిగింపు చాలలేదనుకుంటారు. చాలాసార్లు అసలు సంగతి చెక్క లోపల ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఎత్తుగా ఉండి అక్కడే లోహపు చట్రానికి ఆనుతుంది, మిగతాదంతా ఖాళీ. బిగించేకొద్దీ ఊగడం ఆగదు సరికదా, చెక్క చీలుతుంది.

నాది హైదరాబాద్. ఐటీఐలో ఫిట్టర్ చదివి, బాలానగర్ షెడ్లలో అచ్చుల పని చేసి, ఇప్పుడు షూటింగ్ రేంజిలో 10 మీటర్ల ఎయిర్ పిస్టళ్లు బాగుచేస్తుంటాను. లైసెన్సు తుపాకుల జోలికి పోను. వాటికి లైసెన్సున్న మరమ్మతుదారులు వేరే ఉన్నారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చాక, పాత పిస్టల్ కొని పార్టులు విడిగా తెప్పించుకునేవాళ్లు మా దగ్గర ఎక్కువయ్యారు. పార్టు వస్తుంది, కూర్చోదు. అప్పుడు నేను గుర్తొస్తాను.

పిస్టల్ ఖాళీగా ఉందో లేదో చూసి, గాలి సిలిండర్ విప్పాకే పని మొదలు. చట్రానికి ప్రష్యన్ బ్లూ పలచగా పూసి గ్రిప్ తొడిగి తీస్తే, ఎత్తున్నచోట నీలం అంటుతుంది. అది లేకపోతే ఇంట్లో కాటుక చాలు, నవ్వులాటకు చెప్పడం లేదు. ఆ మచ్చను మాత్రమే గీకి మళ్లీ తొడగాలి. ఓపిక పట్టే పని ఇదే. చట్రం జోలికి మాత్రం వెళ్లకూడదు. రెండు భాగాలకు పొసగనప్పుడు, చవకగా మళ్లీ దొరికేదాని మీదే ఆకురాయి నడవాలి. ఇంకొకటి, వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. జులైలో బిగుసుకున్నదాన్ని అప్పుడే అరగదీస్తే ఏప్రిల్‌లో వదులవుతుంది.

గ్రిప్ చట్రానికి సరిపోయినా చేతికి సరిపోకపోవచ్చు. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, గురి దగ్గర కళ్లు తెరవమంటాను. ముందు సైటు వెనక గాడి మధ్యలో కాక ప్రతిసారీ ఒకే పక్కకు కనిపిస్తే తప్పు చూపుది కాదు, గ్రిప్‌ది. అలాంటప్పుడు సైటు మరలు తిప్పే తండ్రులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొద్దిగా చెక్క తీయడమో, పుట్టీ పెట్టడమో చేయాలి.

గాలి కారేదానికి ఎక్కువగా ఓ-రింగే కారణం. కొలత చూడకుండా హార్డ్‌వేర్ షాపులో తెస్తారు. అంగుళాల లెక్కలో చేసిన రింగు మందం 1.78 మిల్లీమీటర్లు, మెట్రిక్‌ది 2. కంటికి రెండూ ఒకటే. సన్నది వేస్తే గాలి కారుతుంది, లావుది తోస్తే అంచు తెగుతుంది. పాత రింగు సాగి ఉంటుంది కాబట్టి దాన్నే కొలిచి నమ్మొద్దు, తయారీదారు ఇచ్చిన సైజు చూడండి. పూసేది సిలికాన్ గ్రీజే అయ్యుండాలి. 200 బార్ గాలి ఉన్నచోట పెట్రోలియం నూనె మండే ప్రమాదముంది. సిలిండర్ మర పట్టకపోతే బలం చూపించొద్దు. అది వేరే కంపెనీది కావచ్చు. చేతిలో ఉండగానే దాని మీద తేదీ కూడా చదవండి. గడువు దాటితే పోటీలో వాడనివ్వరు.

ట్రిగ్గర్ బ్లేడు మార్చినా, ముందుకు వెనక్కు జరిపినా మళ్లీ తూకం వేయాలి. కనీసం 500 గ్రాములు లేస్తేనే నిబంధనకు సరిపడినట్టు. మొత్తం పిస్టల్ 1500 గ్రాములు దాటకూడదు, 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో ఇమడాలి. పేచీ ఆ 50 దగ్గరే. అరచేతి పక్కన పుట్టీ మీద పుట్టీ వేసుకుంటూ పోతే దాటిపోతుంది. అట్టతో పెట్టె చేసుకుని ఇంట్లోనే చూసుకుంటే మంచిది. పోటీ రోజు తనిఖీ బల్ల దగ్గర ఆకురాయి అడిగితే ఎవరిస్తారు?