నీలాపనింద: ఒక పరుగువీరుని చరిత్ర

వినాయక చవితినాడు చేతిలో అక్షతలు పట్టుకొని శమంతకోపాఖ్యానము వినని తెలుగు బిడ్డ అరుదు. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణిని ధరించి అడవికి పోయినాడు, తిరిగి రాలేదు. ఒకప్పుడు ఆ మణిని అడిగినవాడు కృష్ణుడు గనుక కాజేసినవాడును కృష్ణుడే అని లోకము అనుకొన్నది. ఆయన అడుగుజాడలు పట్టుకొని గుహ చేరి, జాంబవంతునితో పోరి, మణిని తెచ్చి నలుగురి యెదుట సత్రాజిత్తు చేతిలో పెట్టినాడు. నింద తొలగినది. కథ వినేటప్పుడు మనము గమనింపని విషయము ఒకటి ఇందులో ఉన్నది. గుహలో మణి ఉన్నది గనుక కృష్ణుడు నిర్దోషి అయినాడు. తెచ్చి చూపడానికి మణియే లేని నింద వచ్చి ఉంటే ఆయన ఏమి చేసి ఉండేవాడు?

బెర్నార్డ్ లగాట్ అనే పరుగువీరుని చరిత్ర చదువుతూ ఉండగా నాకు ఈ ప్రశ్న తోచినది.

లగాట్ 1974 డిసెంబరులో కెన్యా దేశములోని కప్సబెట్ ప్రాంతమున పుట్టినాడు. అది నంది జాతివారి సీమ, పడమటి కెన్యాలోని ఎత్తైన నేల. 1968 మెక్సికో ఒలింపిక్సులో 1500 మీటర్ల పందెము గెలిచిన కిప్చోగి కైనో ఆ జాతివాడే. 1996లో లగాట్ అమెరికా వెళ్లి వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయములో చేరినాడు. అక్కడ చైనా నుండి వచ్చిన జేమ్స్ లీ అతనికి గురువుగా దొరికినాడు. ఆ గురుశిష్యుల అనుబంధము రెండు దశాబ్దములు నడిచినది. ఆటగాండ్రు ఏటికొక శిక్షకుని మార్చే కాలములో ఇది చెప్పుకోదగిన విషయమే.

లగాట్ ఎన్నుకొన్నది 1500 మీటర్ల పరుగు. నాలుగు వందల మీటర్ల బాటపై అది మూడు ముప్పావు చుట్లు. వంద మీటర్ల పందెమునకు వలె వేగమొక్కటే చాలదు, మారథానుకు వలె ఓర్పు ఒక్కటే చాలదు. మూడు చుట్లు ఊపిరిని పొదుపు చేసుకొని, కడపటి మూడు వందల మీటర్లలో దాచినదంతా వెచ్చింపవలె. ఈ విద్యలో ఆ రోజులలో మొరాకో దేశీయుడు హిషామ్ ఎల్ గెరూజ్‌కు సాటి లేదు. 1998లో అతడు నెలకొల్పిన ప్రపంచ రికార్డు 3 నిమిషాల 26.00 సెకన్లు. 2001 ఆగస్టులో బ్రస్సెల్సులో అతని వెన్నంటి పరుగెత్తిన లగాట్ 3 నిమిషాల 26.34 సెకన్లలో గీత దాటినాడు. రికార్డుకు అతడు మూడవవంతు సెకను దూరములో నిలిచినాడు. అంతకు ముందటి యేడు, సిడ్నీ ఒలింపిక్సులో, అతనికి కంచు పతకము వచ్చినది.

2003 ఆగస్టులో లగాట్ జర్మనీలోని ట్యూబింగన్‌లో సాధన చేస్తూ ఉండగా పరీక్షకులు వచ్చి మూత్రము నమూనా తీసుకొన్నారు. అందులో ఎరిత్రోపోయిటిన్, అనగా ఈపీఓ అనే నిషిద్ధ పదార్థము ఉన్నదని ప్రయోగశాల తేల్చినది. ఆ నెల చివర పారిస్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో అతడు పరుగెత్తలేదు.

ఇక్కడ ఈ పదార్థమును గురించి కొంత చెప్పవలసి ఉన్నది. ఈపీఓ విషము కాదు, మన మూత్రపిండములలో తనంత తాను పుట్టేదే. అది ఎముకల మూలుగను ప్రేరేపించి ఎర్ర రక్తకణములను పుట్టిస్తుంది. కణములు పెరిగితే కండరములకు ప్రాణవాయువు ఎక్కువగా చేరుతుంది, అలసట ఆలస్యముగా వస్తుంది. మూత్రపిండములు చెడి రక్తహీనతతో బాధపడే రోగులకొరకు శాస్త్రజ్ఞులు 1980ల నాటి దశకములో దీనిని ప్రయోగశాలలో తయారుచేయ నేర్చినారు. రోగులకు వరమైన ఈ మందును ఆరోగ్యవంతులైన పరుగువారు, సైకిలు పందెములవారు దొంగచాటుగా వాడసాగినారు. 1990లో ఒలింపిక్ సంఘము దీనిని నిషేధించినది. అయితే మూత్రములో దీనిని పట్టుకొనే పరీక్ష 2000 సిడ్నీ ఒలింపిక్సు నాటికి గాని వాడుకలోకి రాలేదు. పదేండ్లపాటు చట్టము ఉన్నది, కావలివాడు లేడు. ఆ పదేండ్లలో గెలిచిన వారందరిమీదను, ఋజువర్తనులమీద కూడ, ఒక నీడ పడినది.

పరీక్ష పద్ధతి ఉపాధ్యాయులకు వెంటనే బోధపడుతుంది. ఆటగాని యెదుటనే మూత్రమును రెండు సీసాలలో పోసి ముద్ర వేస్తారు. మొదటి సీసా దోషము చూపితే, రెండవ సీసాను తెరిపించుకొనే హక్కు ఆటగానికి ఉన్నది. మన విద్యార్థులు జవాబు పత్రమును మరల దిద్దించుకోవడము వంటిదే ఇది. రెండవ సీసా మొదటిదానిని బలపరుపకపోతే మొదటి ఫలితము చెల్లదు. ఇక పరీక్షలో కనబడేవి ఏమిటందురా, పలుచని పొరపై విద్యుత్తు సాయముతో విడివడిన కొన్ని చారలు. శరీరములో పుట్టిన ఈపీఓ చారలు నిలిచే చోట్లు వేరు, తయారైన మందు చారలు నిలిచే చోట్లు వేరు. రెండును ఒకదానిమీద ఒకటి పడినప్పుడు వాటిని చదివి చెప్పవలసినది నిపుణుని కన్ను. ఒకే పత్రమునకు ఇద్దరు పరీక్షకులు వేరు వేరు మార్కులు వేయడము చూచిన మనకు ఇందులో వింత యేమి తోచదు.

లగాట్ రెండవ సీసా మొదటిదానిని బలపరుపలేదు. అతనిమీది ఆరోపణ తొలగిపోయినది. కాని ఆ సీసా తెరువక మునుపే అతని పేరు పత్రికల కెక్కినది. దోషి అన్న వార్తకు దొరికిన చోటు నిర్దోషి అన్న వార్తకు దొరకడము ఎక్కడ చూచినాము? పైగా అతనికి కలిగిన చిక్కు మరొకటి ఉన్నది. జాంబవంతుని గుహనుండి తెచ్చి చూపడానికి అతనివద్ద మణి లేదు. 'నేను మందు పుచ్చుకొనలేదు' అనేది కాని పనికి సంబంధించిన మాట. చేసిన పనికి సాక్ష్యము దొరుకుతుంది. చేయని పనికి సాక్ష్యము ఎక్కడనుండి తేవలె?

లోకము ఊరకే అనుమానించినదని చెప్పి ఈ ఘట్టమును దాటిపోవడము న్యాయము కాదు. అమెరికా పరుగురాణి మేరియన్ జోన్స్ సంగతి చూడుడు. 2006లో ఆమె మొదటి నమూనాలో కూడ ఈపీఓ కనబడినది, రెండవ నమూనాలో కనబడలేదు, ఆమె కూడ బయటపడినది. మరుసటి యేడు, అనగా 2007లో, సిడ్నీ ఒలింపిక్సు నాటి కాలములో వేరొక నిషిద్ధ మందు వాడిన మాట నిజమేనని ఆమెయే న్యాయస్థానములో ఒప్పుకొన్నది. పతకములు తిరిగి ఇచ్చివేసినది. రెండవ సీసా తనలో ఉన్నదానిని గురించి మాత్రమే చెప్పగలదు. మనిషిని గురించి చెప్పలేదు. జోన్స్ అబద్ధమాడినది గనుక లగాట్ కూడ ఆడి ఉంటాడని అనేవారు కొందరు. వీరి తర్కము నాకు రుచించదు. తరగతిలో ఒకడు చూచి వ్రాసి పట్టుబడితే, పక్క బల్లపై కూర్చున్నవాని మార్కులు కొట్టివేయడము ఏ బడిలోనైనా ఉన్నదా?

నింద తొలగిన మరుసటి యేడు, 2004లో, ఏథెన్సు ఒలింపిక్సులో లగాట్ మరల ఎల్ గెరూజ్‌ను ఎదుర్కొన్నాడు. చివరి నూరు మీటర్లలో ఒకసారి ముందుకు కూడ వచ్చినాడు. గీతవద్ద ఓడినాడు. ఇద్దరి నడుమ 0.12 సెకను. ఆ మే నెలలోనే అతడు అమెరికా పౌరుడైనాడని తరువాత తెలిసినది. అప్పటి కెన్యా చట్టము రెండు పౌరసత్వములను ఒప్పుకొనదు గనుక దానిమీద మరొక దుమారము రేగినది. అది వేరు కథ.

2007లో జపాను దేశపు ఒసాకా నగరములో ప్రపంచ పోటీలు జరిగినవి. లగాట్ అమెరికా పక్షమున 1500 మీటర్లు గెలిచి, కొద్ది దినములలో 5000 మీటర్లు కూడ గెలిచినాడు. ఒకే ప్రపంచ పోటీలలో ఈ రెండును గెలిచిన మొదటి పురుషుడు అతడే. 5000 మీటర్లలో అతని వెనుక 0.13 సెకను తేడాతో వచ్చినవాడు, తరువాత మారథాను చక్రవర్తి అయిన ఎలియుడ్ కిప్చోగి. 1500 మీటర్లలో అతని వెనుక వచ్చినవాడు బహ్రెయిన్ తరపున పరుగెత్తిన రషీద్ రంజీ. మరుసటి యేడు బీజింగ్ ఒలింపిక్సులో, కాలి నొప్పితో వచ్చిన లగాట్ 1500 మీటర్ల తుది పందెమునకే చేరలేకపోయినాడు. బంగారు పతకము రంజీకి వచ్చినది. 2009లో దాచి ఉంచిన నమూనాలను మరల పరీక్షించగా రంజీ మూత్రములో కొత్తరకపు ఈపీఓ బయటపడినది. పతకము లాగివేసి రెండవవాడైన ఆస్బెల్ కిప్రాప్‌కు ఇచ్చినారు. ఆ కిప్రాప్ నమూనాలో కూడ 2017లో ఈపీఓ దొరికినది. 2019లో అతనికి నాలుగేండ్ల నిషేధము పడినది. బీజింగ్ నాటి పతకము మాత్రము అతనివద్దనే ఉన్నది. ఇన్ని జరిగిన పిమ్మట సామాన్య ప్రేక్షకుడు గెలిచినవానివైపు కన్నులు చిట్లించి చూస్తే వానిని తప్పుపట్టగలమా?

లగాట్ విషయములో వయస్సు కూడ సాక్షి కాలేదు, పైగా ఎదురు సాక్షి అయినది. అరవయ్యేండ్ల గాయకుని గొంతు చెక్కుచెదరకపోతే సాధనాబలము అని చేతులు జోడిస్తాము. ముప్పదియేండ్లు పాఠము చెప్పిన పంతులుగారి జ్ఞాపకశక్తిని చూచి మురిసిపోతాము. నలుబదేండ్ల పరుగువాడు కుర్రవారిని దాటిపోతే మాత్రము, దీని వెనుక ఏమున్నదో అంటాము. 2016 జూలైలో అమెరికా జట్టు ఎంపిక పోటీలలో లగాట్ 5000 మీటర్లు గెలిచినాడు. అప్పటికి అతని వయస్సు 41. కడపటి నాలుగు వందల మీటర్లను 53 సెకన్ల లోపల పరుగెత్తినాడు. ఆ మొదటి పదకొండున్నర చుట్లు నెమ్మదిగా సాగినవని, పందెములో వేగమెక్కువ లేదని, అటువంటి రోజున చివరి పరుగులో ఆరితేరిన పాతకాపుకే లాభమని తెలిసినవారు ఆశ్చర్యపడలేదు. తెలియనివారు గుసగుసలాడినారు.

ఆ ఆగస్టులో రియో ఒలింపిక్సు 5000 మీటర్ల తుది పందెములో అతడు అయిదవవాడుగా వచ్చినాడు. తన ముందు వచ్చినవారిలో ఇద్దరిని అడుగు గీత దాటిందన్న కారణముతో అనర్హులుగా ప్రకటించగా, కొంత సేపు కంచు పతకము అతనిదే అయినది. అప్పీలుమీద ఆ ఇద్దరిని మరల తీసుకొన్నారు. ఒకసారి రాత్రికి రాత్రి పోయి తిరిగి వచ్చిన పేరు చూచినవాడు, ఈసారి వచ్చి తిరిగి పోయిన పతకమును కూడ చూచినాడు.

ఇరువది యేండ్ల తరువాత ఇదే కథ ఆస్ట్రేలియాలో మరల నడిచినది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో 800 మీటర్లలో నాలుగవవాడుగా వచ్చిన పీటర్ బోల్‌పై 2023 జనవరిలో ఈపీఓ ఆరోపణ వచ్చినది. అతని పేరు లోకమంతట పాకినది. రెండవ సీసా దానిని బలపరుపలేదు. ఆగస్టులో విచారణ ముగిసి అతడు నిర్దోషిగా బయటపడినాడు. రెండవ సీసా తెరిచేదాక పేరు గుట్టుగా ఉంచవలెనన్న నియమమును గట్టిగా పాటిస్తే ఏ ప్రయోగశాలకును నష్టము లేదు. కుతూహలము తీరని మనకు మాత్రమే నష్టము.

లగాట్ 2019లో, 44 ఏండ్ల వయస్సులో, ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్టు మారథానును 2 గంటల 12 నిమిషాల 10 సెకన్లలో పూర్తిచేసినాడు. 2021లో అరిజోనా విశ్వవిద్యాలయములో దూరపు పరుగుల శిక్షకుడైనాడు. అతనివద్ద పరుగు నేర్చే పిల్లలలో కొందరు 2003 తరువాత పుట్టినవారు. గురువు పేరు వెదికినప్పుడు వారికి ఒసాకా కూడ కనబడుతుంది, ట్యూబింగన్ కూడ కనబడుతుంది.