లెక్కలో మాత్రమే ఉండే విద్యుత్ కేంద్రం

కరెంటు కోత ఎక్కడ, ఎంత పెట్టాలో ఎలా నిర్ణయిస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? దాని వెనుక ఒక లెక్క ఉంది. ఆ లెక్కలో ఓ తమాషా విద్యుత్ కేంద్రం ఉంది. అది భూమి మీద ఎక్కడా లేదు!

ముందుగా ఒక సంగతి. కరెంటును వడ్లలా గాదెలో పోసి దాచుకోలేం. బ్యాటరీలున్నా, నీటిని ఎత్తుకు తోడి నిలవచేసే కేంద్రాలున్నా అవి దాచేది కొద్దిపాటే. కాబట్టి ప్రతి క్షణమూ వాడకం ఎంతో ఉత్పత్తి అంతే ఉండాలి. ఉత్పత్తి చాలకపోతే, బరువు పెరిగిన బండిని లాగే ఎడ్లలా, జనరేటర్ల వేగం తగ్గుతుంది. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దీన్నే 50 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం అంటారు. జనరేటర్ల వేగం తగ్గితే ఇదీ తగ్గుతుంది. మరీ పడిపోతే, యంత్రాలు దెబ్బతినకుండా జనరేటర్లు వాటంతటవే విడిపోతాయి. ఒకటి విడిపోతే మిగిలినవాటి మీద భారం ఇంకా పెరుగుతుంది. చివరికి అంతటా చీకటే! అలా కాకుండా ఆపడానికే కొందరికి కోత పెడతారు.

ఇక లెక్కలోకి వద్దాం. ఒక పట్టణానికి సాయంత్రం 7 గంటలకు 100 మెగావాట్లు కావాలనుకోండి. జలవిద్యుత్ కేంద్రం 40 మెగావాట్లు ఇస్తుంది, యూనిట్ రూపాయి. బొగ్గు కేంద్రం 30. యూనిట్ 4 రూపాయలు. గ్యాసు కేంద్రం 20. యూనిట్ 9 రూపాయలు. అతి తక్కువ ఖర్చుతో 100 మెగావాట్లు ఇచ్చే మార్గం చెప్పమని కంప్యూటరును అడగండి. అన్నీ కూడినా 90 మాత్రమే. జవాబు లేదంటూ అది చేతులెత్తేస్తుంది. ఇంజనీరు అలా చేతులెత్తేస్తే కుదరదు కదా!

అందుకని లెక్కలో నాలుగో కేంద్రాన్ని కలుపుతారు. దీనికి బొగ్గు అక్కర్లేదు, నీరు అక్కర్లేదు. ఎంత లోటు ఉంటే అంతా ఇస్తుంది. ధర మాత్రం, ఉదాహరణకు, యూనిట్ 500 రూపాయలని రాస్తారు. అంత ఖరీదు కనుక, మిగతా మూడింటినీ పూర్తిగా వాడుకున్నాకే కంప్యూటరు దీని జోలికి వెళ్తుంది. దీనినుంచి 10 మెగావాట్లు తీసుకున్నానంటుంది. అంటే ఏమిటి? 10 మెగావాట్ల కోత అన్నమాట! ఈ ఊహా కేంద్రం ఇచ్చే కరెంటే జనానికి అందని కరెంటు.

అంత ధర ఎందుకు? 8 రూపాయలని రాసి చూడండి. గ్యాసు కేంద్రాన్ని నడపడం కన్నా జనాన్ని చీకట్లో ఉంచడమే చౌక అని కంప్యూటరు తేలుస్తుంది. గ్యాసు కేంద్రం ఖాళీగా ఉంటుంది, కోత 30 మెగావాట్లవుతుంది! పాపం, యంత్రం కూడిక సరిగానే చేసింది. చీకటికి మనం కట్టిన ధరే తప్పు.

ధర అందరికీ ఒకటే అయినా చిక్కే. ఆసుపత్రికీ సినిమా హాలుకూ తేడా యంత్రానికి తెలియదు. కాబట్టి ఒక్కో రకం వాడకానికి ఒక్కో ఊహా కేంద్రం పెడతారు. ఆసుపత్రికి బాగా హెచ్చు ధర, కొన్ని గంటలు ఆగగల నీటి పంపులకు తక్కువ ధర. తీగలకూ హద్దుంటుంది. మీ ఊరికి వచ్చే లైను 60 మెగావాట్లే మోయగలిగితే, పొరుగూళ్ళో కరెంటు మిగిలినా మీకు రాదు. అందుకే ప్రతి సబ్‌స్టేషను దగ్గరా విడిగా ఒకటి ఉండాలి.

దేనికి ఎంత విలువ కట్టాలన్నది ఆషామాషీ విషయం కాదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌ను మంచు తుఫాను పట్టుకుంది. అక్కడి పౌనఃపున్యం 60 హెర్ట్జ్‌లు. 15వ తేదీ అర్ధరాత్రి దాటాక అది 59.3కు దిగింది. 59.4కు దిగువన 9 నిమిషాలుంటే మరెన్నో జనరేటర్లు విడిపోయేవి. కోతలు పెట్టి 4 నిమిషాల 23 సెకన్లలో గట్టెక్కారు. తర్వాత కోత 20,000 మెగావాట్లకు చేరింది. అయితే కోత పడినవాటిలో గ్యాసును తీసి గొట్టాల్లో పంపే యంత్రాలు కూడా ఉన్నాయి! వాటిలో చాలావాటిని అత్యవసరమైనవిగా ముందే నమోదు చేయలేదు. దాంతో, అప్పటికే చలికి తగ్గిన గ్యాసు మరింత తగ్గింది. ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ తుఫానులో 246 మంది చనిపోయారు. గ్యాసు సరఫరాకు కీలకమైన యంత్రాలను అత్యవసర జాబితాలో చేర్చాలని ఆ ఏడాదే అక్కడ చట్టం చేశారు.