పట్నపు వేసవి - చెట్టు నీడ

వేసవి అనగానే కొందరికి ఊటీ, కొడైకెనాల్ గుర్తుకు వచ్చును. అంత దూరము పోలేనివారు కిటికీలు మూసికొని, పంకా క్రింద కూర్చుండి వానల కొరకు ఎదురుచూతురు. అమీర్‌పేట, పంజగుట్ట వాసులకైతే ప్రకృతి అను మాటయే పరిహాసముగా తోచును. మెట్రో వంతెన, శిక్షణ కేంద్రముల ప్రకటన ఫలకములు, వాహనముల పొగ, వీని నడుమ చూడదగినది ఏమున్నదని అడుగుదురు. కాని హైదరాబాదులో చెట్లు మిక్కిలి చురుకుగా ఉండు కాలములలో వేసవి ఒకటి. దానిని చూచుటకు ఖర్చు లేదు; ఉదయము ఆరు గంటలకు వీధిలోనికి వచ్చిన చాలును.

మొదట వేపచెట్టును గమనింపుడు. ఎండలు ముదురుచుండగా పాత ఆకు రాల్చి, రాగిరంగు చిగుళ్ళు తొడిగి, ఉగాది నాటికి పూతకు వచ్చును. వానచుక్క లేని కాలములో ఇంత చిగురు ఎట్లు సాధ్యము? ముదురాకులను వదలుటచే చెట్టుకు నీటి వ్యయము తగ్గును. వేళ్ళు లోతున మిగిలిన తేమను అందుకొనును. వానలతోపాటు పురుగులు పెరుగును గనుక, అంతకు ముందే ఆకు ముదురుట చెట్టుకు లాభమని కొందరు పరిశోధకుల అభిప్రాయము.

ఏప్రిల్, మే నెలలలో వీథులను ఎర్రబరచు తురాయి చెట్టు మనది కాదు. దాని పుట్టినిల్లు మడగాస్కర్ ద్వీపము. ఉర్దూలో గుల్‌మొహర్ అందురు. తెలుగులో తురాయి అనగా తలపాగాపై ధరించు కుచ్చు. ఆ పూగుత్తిని చూచినవారికి పేరు వివరింప పనిలేదు. అందము మెండే గాని, మే నెల గాలివానకు కొమ్మలు విరుగుటలోనూ దీనిది ముందువరుసయే.

ఇక కోకిల. చలికాలమంతయు మౌనముగా ఉండి, ఇప్పుడు తెల్లవారకముందే కూయునది నల్లని మగపక్షి. ఆడుది గోధుమవన్నెపై తెల్లచుక్కలు కలిగి ఆకులచాటున దాగియుండును. అది కాకి గూటిలో గ్రుడ్లు పెట్టును. పరుల చేత పెంపబడునది గనుకనే మన పూర్వులు దానిని పరభృతమనిరి. కాకి గూడు కట్టు కాలమూ, కోకిల కూయు కాలమూ ఒక్కటి యగుట కాకతాళీయము కాదు. బుల్‌బుల్ విషయములో మాత్రము మన ఉర్దూ విద్యార్థులు జాగ్రత్త వహింపవలెను. పారసీక కవుల బుల్‌బుల్ వేరు పక్షి. మన గోడలపై వాలు నల్లని తలయు, తోక క్రింద ఎరుపును గల పిట్ట తెలుగువారి పిగిలిపిట్ట. ఈ పక్షుల గూర్చి చదువగోరు వారు సలీం అలీ గ్రంథములను చూడవలెను. ఆయన 1930 దశకపు తొలినాళ్ళలో నిజాం రాజ్యమంతట తిరిగి పక్షులను పరిశీలించెను.

మన పొరుగున ఉన్న బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది. అట్టి ఎండలో రేకుల నీడ, చెట్టు నీడ ఒక్కటి కావు. రేకు ఎండను ఆపునే గాని తాను కాగి, ఆ వేడిని క్రిందికి ప్రసరింపజేయును. ఆకు అట్లు కాదు. వేళ్ళు తెచ్చిన నీటిని ఆవిరిగా వదలుచు తాను చల్లబడును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. ఆ వేడిని ఆకు తననుండియు, తన చుట్టునున్న గాలినుండియు గ్రహించును. తాటిముంజలు, పుచ్చకాయలు అమ్మువారును, ఆటో నడుపువారును ఈ లెక్క చదువలేదు. అయినను మధ్యాహ్నము వారు ఎచ్చట నిలుతురో చూచిన, ఏ చెట్టు బాగుగా పనిచేయుచున్నదో తెలియును.

ఈ పనికి చెట్టుకు నీరు అందవలెను. కాలిబాటలు వేయునపుడు మొదలు చుట్టును ఖాళీ లేకుండ సిమెంటు పోయుట మన ప్రాంతములో సర్వసాధారణమైనది. అట్లు చేసిన వాననీరు ఇంకదు, వేళ్ళకు గాలి సోకదు. చెట్టు వెంటనే చావదు. ఆకులు పలుచబడి, ఏండ్ల తరబడి క్షీణించి, ఒకనాటి గాలికి కూలును. అప్పుడు గాలిని నిందింతురు. ఢిల్లీ నగరములో చెట్ల చుట్టు ఒక మీటరు మేర సిమెంటును తొలగింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించినది. మన కళాశాల ఆవరణలోని చెట్లకును ఆ మీటరు నేలను విడిచిపెట్టుట కార్యవర్గమువారికి భారమైన పని కాదు. ఒక గడ్డపార, ఇద్దరు కూలీలు, ఒక ఉదయము చాలును.

విశాలమైన అడవినే చూడగోరు వారికి పంజగుట్టకు పశ్చిమమున, బంజారాహిల్స్ దాటగానే, 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము కలదు. అచ్చట నెమళ్ళు కానవచ్చును.

క్రొత్తగా వేపను పెంపదలచినచో తొందర అవసరము. పండిన వేపపండ్లు తొలకరి రోజులలో రాలును. వాని గింజలు కొలది వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. దాచియుంచి మరుసటి ఏడు నాటిన ఫలితముండదు. కళాశాల తెరచు జూన్ నెలలోనే, రాలిన గింజలను ఏరి, గుజ్జు కడిగి, తడిమట్టిలో వేయవలెను.