పదవ తరగతి తరువాత మన పిల్లల చదువు

పదవ తరగతి ఫలితములు రాగానే మన ఇండ్లలో పుట్టు ప్రశ్న ఒక్కటే: బిడ్డను మగ్గమెక్కించుటయా, కళాశాలకు పంపుటయా? రెండును కలిసిన త్రోవ ఒకటి కలదు. అది చేనేత, జౌళి సాంకేతిక విద్యలో మూడేండ్ల డిప్లొమా. పదవ తరగతి ఉత్తీర్ణులైన బాలబాలికలు దీనికి దరఖాస్తు చేసుకొనవచ్చును. నూలు, అద్దకము, డిజైను, నేత అన్నియు శాస్త్రీయముగా నేర్పుదురు. కర్ణాటకలో గదగ్-బెటగేరిలోను, తమిళనాడులో సేలములోను, ఆంధ్రప్రదేశ్‌లో ప్రగడ కోటయ్యగారి పేరిట వెంకటగిరిలోను ఇట్టి సంస్థలు కలవు. దరఖాస్తుకు ముందు మన రాష్ట్రమునకు సీట్లున్నవో లేవో ప్రకటనలో చూడవలెను.

చంద్రబండ వంటి సరిహద్దు గ్రామములవారు మరియొక సంగతి మరువరాదు. మన మాట తెలుగే. కాని 1956లో రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రము నుండి మైసూరు రాష్ట్రమున చేరినది. అదే నేటి కర్ణాటక. రాజ్యాంగపు 371-జె అధికరణము ననుసరించి 2013లో వెలువడిన ఉత్తర్వులచే ఈ ప్రాంతపు కళాశాలలలో 70 శాతము, రాష్ట్రమున తక్కినచోట్ల 8 శాతము సీట్లు స్థానికులకు ప్రత్యేకింపబడినవి. ఇది భాషను బట్టి కాదు. ఇక్కడ పుట్టినవారికిని, పదేండ్లు నివసించినవారికిని వర్తించును. ఇతర వృత్తి కళాశాలలకు పోవువారికిని ఇది ఉపయోగమే. అసిస్టెంటు కమిషనరు కచేరీలో పత్రము పొందవలెను.

ఈ పత్రము, కుల, ఆదాయ ధ్రువపత్రములు, నేతగాని గుర్తింపు కార్డు ఫలితములకు ముందే సిద్ధపరచుకొనుడు. పేరు, ఇంటిపేరు అన్నిటిలో ఒక్కతీరుగా ఉన్నవేమో చూచుకొనుడు. పడుగు సరిచూడక నేత మొదలుపెట్టము గదా!