అప్పు తీర్చితిమి, చెల్లు పడినదా?

పూర్వము అప్పు తీర్చిన రైతు నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనిన గాని షావుకారు గుమ్మము దిగెడివాడు కాదు. ఆ జాగ్రత్త నేడును అవసరమే. మనము బ్యాంకులందు, ఫైనాన్సు కంపెనీలందు తీసికొనిన అప్పులు, వాయిదాలు చెల్లించిన తీరు, జామీను నిలిచిన అప్పులు అన్నియు ఒకచోట నమోదగుచున్నవి. దీనినే క్రెడిట్ రిపోర్టు అందురు. కొత్త అప్పు ఇచ్చుటకు ముందు బ్యాంకు దీనిని చూచును.

ఈ లెక్కలుంచు సంస్థలు మన దేశములో నాలుగు కలవు. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి చట్టము ననుసరించి రిజర్వు బ్యాంకు వీటిపై అజమాయిషీ చేయుచున్నది. మన చెల్లింపులను బట్టి ఇవి 300 మొదలు 900 వరకు ఒక స్కోరు నిర్ణయించును. స్కోరు ఎంత హెచ్చైన అంత మేలు.

ఈ సంస్థలు స్వయముగా విచారించి వ్రాయవు. బ్యాంకులు పంపిన వివరములనే వ్రాయును. కనుక అచ్చట జరిగిన పొరపాటు ఇచ్చటికిని వచ్చును. పంట ఋణము పూర్తిగా తీర్చినను, ఆ సంగతి బ్యాంకు తెలుపనిచో బాకీగానే కనిపించును. ఒకే పేరుగల ఇరువురిలో ఒకరి అప్పు రెండవవాని లెక్కలో చేరవచ్చును. మన పాన్, ఆధార్ నకళ్ళతో మోసగాండ్రు తెచ్చిన అప్పు మనకు తెలియకయే మన పేర ఉండవచ్చును. కొంత తగ్గింపుతో రాజీపై తీర్చిన అప్పు ‘సెటిల్డ్’ అని నమోదగును. అది పూర్తిగా తీర్చినదానితో సమానము కాదు.

ఇట్టి తప్పు విత్తనముల వేళ బయటపడినచో రైతు గతి యేమి? సవరణకు దినములు పట్టును, అదను ఆగదు. హెచ్చు వడ్డీకి చేబదులు తేవలసి వచ్చును. అందుచే పట్టాదారు పాసు పుస్తకమును సరిచూచుకొనునట్లే, దీనిని వేసవిలోనే సరిచూచుకొనవలెనని మేము సూచించుచున్నాము.

2017 నుండి ప్రతి సంస్థయు ఏడాదికొక పర్యాయము పూర్తి రిపోర్టును ఉచితముగా ఇయ్యవలెనను నియమము వచ్చినది. మూడు నెలలకొక సంస్థ నడిగినచో ఏడాది పొడవునా ఖర్చు లేకయే చూచుకొనవచ్చును. తన రిపోర్టు తాను చూచుకొనుటచే స్కోరు తగ్గదు. సంస్థల వెబ్‌సైట్లలో అడుగుటకు ఇంటిలోని చదువుకొనిన పిల్లల సాయము పొందుడు. ఫోనుకు వచ్చు ఓటీపీని మాత్రము పరుల కీయకుడు.

పేరు, పుట్టిన తేది సరిగా నున్నవా? ప్రతి అప్పు మనదేనా? తీర్చినవి ‘క్లోజ్డ్’ అని యున్నవా? తప్పున్నచో బ్యాంకునకును, ఆ సంస్థకును ఫిర్యాదు వ్రాసి, బాకీ లేదను పత్రమును జతపరుపవలెను. 30 దినములలో పరిష్కారము కానిచో రోజుకు 100 రూపాయల పరిహారము ఇయ్యవలెనను నియమము 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనికి వచ్చినది. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును.

అప్పు తీర్చుట ధర్మము. అది తీరినట్లు లెక్కలో పడినదో లేదో చూచుకొనుట వివేకము.